చైనా పెళ్లిబట్టల మీద గబ్బిలాలు ఎందుకు ఉంటాయి? ఆ బొమ్మలను, రంగులను ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి సింగపూర్‌లో స్థిరపడిన కాంటనీస్ (దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ మూలాలున్న) కుటుంబంలోని అబ్బాయిని పెళ్లి చేసుకుంటోంది. పెద్దలకు తేనీరు అందించే వేడుకలో ఎర్రపట్టు మీద బంగారు, వెండి దారాలతో కుట్టిన పైకోటు, లంగా వేసుకోవాలని కాబోయే వియ్యపురాలు కోరారు. అద్దె దుకాణం పంపిన ఫోటోలను పెద్దవి చేసి చూస్తే డ్రాగన్ చుట్టూ గబ్బిలాలు కనిపించాయి. శుభకార్యంలో ఇదేమి అపశకునమని మీ అత్తగారు బెంగపెట్టుకున్నారు. విందుకు ఒంటికి అతుక్కునే గౌనైన చోంగ్‌సామ్ వేయించాలా, ఒక పలక మీదికి ఇంకో పలక మడిచే పాతకాలపు హాన్‌ఫు వేయించాలా, వాటిలో అసలు సంప్రదాయం ఏది, మన వైపువారు ఏ రంగులు మానుకోవాలి అన్నవి మిగతా సందేహాలు.

ముందుగా సూటి జవాబు. గబ్బిలం చైనావారికి భాగ్యచిహ్నం. పెళ్లిబట్టల మీద దాన్ని ఆశీర్వాదంగానే కుడతారు. విందుకు రెండింటిలో ఏది వేసుకున్నా తప్పులేదు. హాన్‌ఫు అయితే మెడ దగ్గర మడత ఎటు వస్తోందో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. చీరల్లో తెలుపు, పూర్తి నలుపు వద్దు. వధువుతో పోటీపడే నిండు ఎరుపు కూడా వద్దు. ఇంతవరకు చాలనుకుంటే ఇక్కడితో ఆపేయవచ్చు. ఎందుకలా అన్నది కూడా కావాలంటే కొంచెం ఓపిక పట్టండి, ఈ విషయం మీద నన్ను అడిగేవారు తక్కువ, అడిగితే నేను ఆగను.

పాత పట్టుబట్టలను, కుట్టుపని ఉన్న వస్త్రాలను బాగుచేసి భద్రపరచడం నా వృత్తి. సింగపూర్‌లో పనిచేసిన కాలంలో చైనా ఆడవారి దుస్తులు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇక్కడికి వచ్చాక పార్సీ కుటుంబాల గారా చీరల రూపంలో అదే కుట్టు మళ్లీ ఎదురవుతోంది. గారా కుట్టు దక్షిణ చైనా రేవు కాంటన్‌తో జరిగిన వ్యాపారం ద్వారా మన దేశానికి వచ్చినదే కాబట్టి వాటి మీద కూడా ఆ కొంగలు, ఆ పియోనీ పూలే ఉంటాయి. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ బొమ్మలకు నిఘంటువులా ఒక్కో అర్థం రాసిపెట్టుకుంటే దారి తప్పుతాము. ఎవరు వేసుకున్నారు, ఎప్పుడు, ఏ సందర్భానికి అన్నది తెలిస్తేనే బొమ్మ నోరు విప్పుతుంది. విప్పాక అది చెప్పేది చాలాసార్లు ఆ స్త్రీ గురించి ఉండదు. ఆమె నుంచి ఆ ఇల్లు ఏమి ఆశిస్తోందో అది చెబుతుంది.

ఇప్పుడు గబ్బిలం సంగతి. చైనీస్‌లో గబ్బిలం అన్న మాటలోనూ, భాగ్యం అన్న మాటలోనూ 'ఫు' అన్న ఒకే ధ్వని ఉంటుంది. రాసే అక్షరాలు వేరు, పలుకు ఒకటే. మన కవులు శ్లేషను పద్యంలో పెడితే వాళ్లు సూదితో గుడ్డ మీద పెట్టారు. ఎరుపుకు వాళ్లు వాడే మాట 'హోంగ్'; విస్తారమైనది అనడానికీ అదే ధ్వని. అందుకని ఎర్ర గబ్బిలమంటే అంతులేని భాగ్యం. తలకిందులుగా ఉన్న గబ్బిలం కనిపిస్తే మరీ మంచిది. 'తలకిందులు', 'వచ్చింది' అన్న రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి కనుక, భాగ్యం ఇంటికి వచ్చేసిందని అర్థం. అయిదు గబ్బిలాలు ఉంటే అయిదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన నెమ్మది, సద్గుణం, ఆయువు తీరాక బాధలేని మరణం. పెళ్లిబట్టల మీద మరణం ఊసేమిటని మీ అత్తగారు అడిగితే, గుళ్లో కూర్చుని మనం 'అనాయాసేన మరణం' అని కోరుకునేదే వాళ్లూ కోరుకున్నారని చెప్పండి. ఆవిడకు ఇంకేమీ వివరించనక్కరలేదు.

ఈ ధ్వని చమత్కారం చైనా అలంకరణ అంతటా ఉంది. చేప అంటే మిగులు, ఇంట్లో ఎప్పుడూ కొంత మిగిలి ఉండాలని. పూలు పెట్టుకునే జాడీ అంటే శాంతి. పిల్లి, సీతాకోకచిలుక కలిసి కనిపిస్తే వాటి పేర్లు రెండూ కలిపి పలికినప్పుడు పండు వయసును సూచించే మాట అవుతుంది. కాబట్టి అది పెద్దావిడకు నప్పే బొమ్మ, పెళ్లికూతురి మీద దానికి పనిలేదు. సందర్భం ముఖ్యమని ఇందుకే అన్నాను. చైనాను ఏలిన మహారాణి త్సిషీ 1903–04 ప్రాంతంలో తీయించుకున్న ఫోటోల గాజు నెగెటివ్‌లు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉన్నాయి. వాటిలో ఆవిడ దుస్తుల మీద 'దీర్ఘాయువు' అన్న అక్షరం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చైనా లెక్క ప్రకారం డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గరపడుతున్న మనిషి, చేతిలో రాజ్యం ఉన్న మనిషి. ఆవిడకు కొడుకులు పుట్టాలన్న దీవెనతో పని లేదు, ఇంకొన్నాళ్లు ఉండాలన్నదే కోరిక. అదే కాలంలో ఏ వర్తకుడి ఇంటి కొత్త కోడలి బట్టలు చూసినా దానిమ్మపండ్లే.

మీరు అద్దెకు తీసుకుంటున్న జతను కాంటనీస్‌వారు క్వా అంటారు. దుకాణంవారిని అది ఏ తరగతి అని అడగండి. ఎర్ర గుడ్డ మీద కుట్టు ఎంత దట్టంగా ఉందన్నదాన్నిబట్టి తరగతులు ఉంటాయి: చిన్న అయిదు భాగ్యాలు, మధ్య అయిదు భాగ్యాలు, పెద్ద అయిదు భాగ్యాలు, ఆపైన క్వా రాణి, అన్నిటికీ పైన క్వా రాజు. అయిదు భాగ్యాలంటే మీ అత్తగారిని కంగారుపెట్టిన ఆ గబ్బిలాలే. క్వా రాజులో అడుగున ఉన్న ఎర్రపట్టు దాదాపు కనిపించదు, మొత్తం బంగారు, వెండి దారాలే. తరగతి పెరిగిన కొద్దీ అద్దె పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. తేనీటి వేడుకలో అమ్మాయి ఒక్కొక్క పెద్దవారి ముందు మోకాళ్ల మీద కూర్చుని లేవాలి కాబట్టి బరువు సంగతి తేలికగా తీసుకోవద్దు. వేసుకుని, కూర్చుని, లేచి చూశాకే ఖాయం చేయండి. నన్ను అడిగితే మధ్య అయిదు భాగ్యాల తరగతి చాలు. ఎర్రపట్టు కొంత కనిపిస్తేనే డ్రాగన్ రూపం తెలుస్తుంది. పూర్తిగా నిండిపోయిన క్వా రాజు ఫోటోలో బంగారు రేకులా మెరుస్తుంది కానీ బొమ్మ కంటికి ఆనదు.

వీలైతే ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. డ్రాగన్ పొలుసుల కింద నూలుదారాన్ని ఉబ్బెత్తుగా పరుస్తారు. దాని మీద బంగారు దారాన్ని వరసగా ఆనించి, వెంట్రుకంత పట్టుదారంతో కొద్ది కొద్ది దూరంలో గుడ్డకు కట్టేస్తారు. బంగారు దారం గుడ్డలోకి దిగదు, పైనే పడుకుని ఉంటుంది. మగ్గం వర్క్ చేసేవారికి ఈ పద్ధతి కొత్త కాదు. పాతకాలపు బంగారు దారం కూడా పూర్తిగా లోహం కాదు. బంగారు పూత పూసిన కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి పట్టుదారం చుట్టూ చుట్టేవారు. కట్టే పట్టుదారం చాలా పాత బట్టల్లో ఎర్రగా ఉంటుంది, దానివల్ల బంగారానికి ఒక వెచ్చని ఛాయ వస్తుంది. గ్వాంగ్‌డాంగ్‌లోని చావోజౌ ఊరి పనివారు ఈ ఉబ్బెత్తు కుట్టుకు పేరుపడ్డారు. ఈ జతను చేత్తో పూర్తిచేయడానికి నెలలు పడుతుంది, అందుకే చాలామంది కొనరు, అద్దెకే తీసుకుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒక విషయం ముందే చెబుతాను. వియ్యపురాలి ఇంట్లో పాత తరం పెళ్లి ఫోటో చూస్తే పైకోటు నల్లగా, లంగా మాత్రమే ఎర్రగా కనిపించవచ్చు. ఒకప్పటి పద్ధతి అది, పైనుంచి కింద వరకు ఎరుపు తరువాత వచ్చింది. ఇంకొకటి. కాంటనీస్ పెళ్లికూతురి మెడలో బంగారు పందుల హారం వేయడం కూడా ఉంది. తల్లిపంది, దానికి వేలాడే పిల్లలు, సంతానం సమృద్ధిగా ఉండాలని దీవెన. గబ్బిలానికే కంగారుపడిన మీ అత్తగారిని దీనికి ఇప్పటినుంచే సిద్ధం చేయడం మంచిది.

డ్రాగన్, ఫంగ్‌హువాంగ్ పక్షి గురించి. మగవాడు డ్రాగన్, ఆడమనిషి ఫంగ్‌హువాంగ్, చక్రవర్తికి అది, మహారాణికి ఇది అని ఇంటర్నెట్‌లో ప్రతిచోటా ఉంటుంది. పెళ్లిబట్టల వరకు ఆ జంట నిజమే. కానీ రాజదర్బారు దుస్తులకు ఈ సూత్రం పనిచేయదు. ఈశాన్యం నుంచి వచ్చి చైనాను ఏలిన మంచూల చింగ్ వంశపు చక్రవర్తి చియన్‌లోంగ్ ఆదేశంతో 1759లో దుస్తుల నియమాలన్నీ బొమ్మలతో సహా గ్రంథస్థం చేశారు. వాటి ప్రకారం మహారాణి పండుగ దుస్తుల మీద కూడా అయిదు గోళ్ల డ్రాగన్లే ఉంటాయి. ప్రకాశవంతమైన పసుపు రంగు కూడా చక్రవర్తితో పాటు ఆమెకు చెల్లుతుంది. హోదా తెలిపేది బొమ్మ ఆడదా మగదా అన్నది కాదు. గోళ్లు ఎన్ని, పసుపు ఏ ఛాయ, సూర్యుడు, చంద్రుడు మొదలైన పన్నెండు రాజచిహ్నాలు ఉన్నాయా లేవా అన్నదాన్నిబట్టి హోదా తెలుస్తుంది. ఇంకాస్త వెనక్కి వెళ్తే సోంగ్, మింగ్ రాజవంశాల కాలాల మహారాణులు పెద్ద క్రతువులకు వేసుకున్న ముదురు నీలి అంగీల మీద డ్రాగన్ కంటే ముందు కంటికి కనిపించేది వరసలు వరసలుగా ఉన్న ఫెజంట్ కోళ్ల జంటలు.

ఫంగ్‌హువాంగ్‌ను పాశ్చాత్య కథల్లో బూడిదలోంచి లేచే పక్షితో కలపవద్దు, రెంటికీ సంబంధం లేదు. ఇది సుపరిపాలన, శాంతి ఉన్నచోట మాత్రమే వాలే పక్షి. మొదట్లో ఇది ఒక జంట: ఫంగ్ మగది, హువాంగ్ ఆడది. డ్రాగన్ పక్కన నిలబెట్టేసరికి మొత్తం పక్షి ఆడదైపోయింది.

పెళ్లికూతురు ఈ బొమ్మలు వేసుకోవడం వెనక చక్కని ఆచారం ఉంది. మింగ్ కాలం నాటి మహారాణుల కిరీటాలు నాలుగు, బీజింగ్ దగ్గర డింగ్‌లింగ్ సమాధిని 1956–58లో తవ్వినప్పుడు దొరికాయి. బంగారు డ్రాగన్లు, వేల ముత్యాలు, వాటి మధ్య నీలిరంగు పక్షులు. ఆ నీలం పూసిన రంగు కాదు, రాయి కాదు, లకుముకిపిట్ట ఈకలు. చిన్న చిన్న ఈకలను కత్తిరించి లోహం మీద అతికించారు, నాలుగు వందల ఏళ్లు గడిచినా ఆ నీలం వాడిపోలేదు. ఇప్పుడు ఆ పని రంగు అద్దిన ఈకలతోనో పట్టు రిబ్బన్లతోనో చేస్తారు, పిట్టలకు అదే మేలు. అలాంటి కిరీటాన్ని, భుజాల మీది పట్టీని మామూలు ఇంటి ఆడపిల్ల వేసుకోకూడదు, పెళ్లిరోజు తప్ప. ఆ ఒక్కరోజు రైతు కూతురైనా రాణివాసపు దుస్తులను అనుకరించవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మీ అమ్మాయి పైకోటు మీద డ్రాగన్ ఉందంటే ఆ సడలింపు ఇప్పటికీ నడుస్తోందన్నమాట.

మిగతా రోజుల్లో మాత్రం ఆమె హోదా భర్త హోదాయే. మింగ్ ప్రభుత్వం 1391లో అధికారుల అంగీల మీద చతురస్రపు బిళ్లలు పెట్టింది: పౌర అధికారులకు పక్షి, సేనాధికారులకు జంతువు. పౌర అధికారుల్లో మొదటి శ్రేణికి కొంగ, తొమ్మిదో శ్రేణికి వచ్చేసరికి చిన్న పిట్ట. భార్య కూడా భర్త శ్రేణి బిళ్లనే వేసుకునేది. పాత జంటల చిత్రపటాల్లో ఒక తమాషా చూడవచ్చు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే రెండు పక్షులూ ఎదురెదురుగా చూసుకునేలా భార్య బిళ్ల మీద పక్షి ముఖాన్ని అటువైపు తిప్పేవారు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ బిళ్ల మీద ఆమె సాధించినది ఒక్క పోగు కూడా లేదు. ఎర్ర లంగా విషయమూ అంతే. సంపన్న కుటుంబాల్లో పండుగలకు ఎర్ర లంగా కట్టే హక్కు పెద్ద భార్యది. ఉంపుడుగత్తెగా వచ్చిన మనిషి వేరే రంగు కట్టాలి. భర్త పోతే ఎరుపు వదిలేయాలి. ఇది చదువుతుంటే మనవాళ్లకు మన ఇళ్లే గుర్తొస్తాయి, ఎరుపు, పసుపు, కుంకుమ చుట్టూ మనమూ ఇలాంటి గోడలే కట్టాము.

సంతానానికి సంబంధించిన బొమ్మల గురించి నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. దానిమ్మ పగిలి గింజలు కనిపిస్తే చాలామంది కొడుకులు. తామర పేరు 'ఎడతెగకుండా' అన్న మాటలా వినిపిస్తుంది, కాబట్టి తామర పక్కన పసిబాలుడు ఉంటే కొడుకుల మీద కొడుకులు. పుచ్చపాదు తీగ, దాని మీద సీతాకోకచిలుకలు ఉంటే తరతరాల సంతానం. పాత పెళ్లి లంగా ఒకటి ఎదుట పరచుకుని ఒక్కొక్క బొమ్మను లెక్కపెడితే ఆ పిల్లకు దీవెనలు చెప్పారా, బాధ్యతల జాబితా రాసిచ్చారా అనిపిస్తుంది. కుట్టినవాళ్లు మాత్రం ప్రేమతోనే కుట్టారు. చాలాసార్లు తల్లి, అక్కలు, ఆ పిల్ల తానే. అందుకే మీ అమ్మాయికి ఇందులో ఇష్టం లేకపోతే చెప్పడంలో తప్పేమీ లేదు. పియోనీ అంటే ఐశ్వర్యం, గౌరవం. మాండరిన్ బాతుల జంట అంటే దాంపత్యం. ప్లమ్ కొమ్మ చివర వాలిన మాగ్‌పై పిట్ట అంటే సంతోషం. ఈ మూడింటితో నిండిన జతలు దుకాణాల్లో చాలానే దొరుకుతాయి, వియ్యపురాలికి కూడా అభ్యంతరం ఉండదు.

బొమ్మ ఎక్కడ కుట్టారన్నది కూడా చూడాలి. 19వ శతాబ్దపు హాన్ (చైనాలో అధికసంఖ్యాక జాతి) స్త్రీల పైకోట్లకు వెడల్పాటి చేతులు, వాటి చివర తెల్లటి పట్టు మీద కుట్టిన పట్టీలు ఉంటాయి. చాలా పట్టీల్లో కుట్టు ఒక సగంలోనే ఉంటుంది, మిగతా సగం ఖాళీ. మొదటిసారి చూసినవారు పని మధ్యలో ఆపేశారనుకుంటారు. అదేమీ కాదు. ఆ ఇంటి ఆడవారు చేతులు ముందుకు తెచ్చి కట్టుకుని నిలబడేవారు. అప్పుడు ఎదుటివారికి కనిపించేది చేతి వెనకభాగమే, అందుకని కుట్టంతా అక్కడే. మెడ చుట్టూ నాలుగు రేకులుగా విచ్చుకునే మేఘాల కాలరు నాలుగు దిక్కులకు సంకేతమంటారు. అదే కాలరు జుట్టు నూనె పట్టుబట్టకు అంటకుండా కాపాడేది కూడా. అర్థం, అవసరం కలిసే నడిచాయి.

అసలు బొమ్మే లేని బట్ట కూడా హోదా చెప్పగలదు. హునాన్‌లోని మావాంగ్‌డుయిలో 1972లో తవ్విన శిన్ ఝుయి సమాధి సుమారు 2,200 ఏళ్ల నాటిది. అందులో దొరికిన ఒక పట్టు అంగీ పొడవు 128 సెంటీమీటర్లు, బరువు 49 గ్రాములు. దాని మీద గబ్బిలం లేదు, డ్రాగన్ లేదు. కానీ అంత పల్చగా నేయించుకోగలిగిన ఇల్లు ఎంత కలిగినదో అర్థమవుతూనే ఉంటుంది.

ఇక చోంగ్‌సామ్‌నా, హాన్‌ఫునా అన్న ప్రశ్న. ఉత్తరాదిన చిపావ్, దక్షిణాదిన చోంగ్‌సామ్ అని పిలిచే ఆ ఒంటికి అతుక్కునే గౌను వేల ఏళ్లది కాదు. మంచూ స్త్రీల పొడవాటి అంగీతో దానికి చుట్టరికం ఉంది. కానీ మనకు తెలిసిన రూపం 1920లలో షాంఘై, తదితర నగరాల్లో పుట్టింది. అప్పటి ప్రభుత్వం 1929లో దాన్ని స్త్రీల అధికారిక దుస్తుల్లో చేర్చింది. చదువుకునే అమ్మాయిలు మగవాళ్లలా ఒక్క అంగీ తొడుక్కోవడం అప్పట్లో ఒక ధిక్కారం. తరువాత అదే దుస్తు విలాసానికి గుర్తయింది. దేశాధ్యక్షుడు ల్యూ షావోచీ భార్య వాంగ్ గ్వాంగ్‌మే 1963లో ఇండొనేషియా పర్యటనలో చిపావ్, ముత్యాల దండ వేసుకున్నారు. మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో, 1967లో, రెడ్ గార్డులనే యువదళాలు ఆవిడకు బలవంతంగా చిపావ్ తొడిగి, మెడలో పింగ్‌పాంగ్ బంతుల దండ వేసి వేలమంది ముందు నిలబెట్టారు. ఒక్క నూలుపోగు మారకుండా నాలుగేళ్లలో గౌరవచిహ్నం నేరానికి సాక్ష్యమైపోయింది.

హాన్‌ఫు అంటే మంచూలు 1644లో బీజింగ్‌కు రాకముందు హాన్ ప్రజలు వేసుకున్న దుస్తులు. ఆ రాకతో మగవాళ్ల జుట్టు, బట్టలు బలవంతంగా మారాయి. ఆడవారిని అంతగా ఒత్తిడి చేయలేదు, అందుకే పైకోటు, లంగా పద్ధతి హాన్ స్త్రీలలో చింగ్ కాలమంతా కొనసాగింది. అంటే మీ అమ్మాయి వేసుకోబోయే క్వా ఆ పైకోటు, లంగాల సంతానమే. నేటి హాన్‌ఫు ఉద్యమం మాత్రం ఇటీవలిది. 2003లో వాంగ్ లెతియన్ అనే యువకుడు ఝెంగ్‌జౌ వీధుల్లో హాన్‌ఫు వేసుకుని నడిచినప్పటినుంచి అది ఊపందుకుందని చెబుతారు. దానితోపాటు రెండు పక్కలా మడతలు, ముందూ వెనకా చదునైన పలక ఉండే 'గుర్రపు ముఖం' లంగా మళ్లీ విపరీతంగా ప్రచారంలోకి వచ్చింది. ఆ లంగా నడుము పట్టీ తరచుగా తెల్లగా ఉంటుంది. దాన్ని చూసి భయపడకండి, జుట్టు నెరిసేదాకా కలిసి ఉండాలన్న దీవెనగా చెప్పుకుంటారు. సింగపూర్ విందులో చోంగ్‌సామ్ వేసుకుంటే అందరికీ పరిచితంగా ఉంటుంది. హాన్‌ఫు వేసుకుంటే నలుగురూ ఆసక్తిగా అడుగుతారు. అమ్మాయి దేనిలో హాయిగా తిరగగలదో అదే వేయించండి.

హాన్‌ఫు వేసుకుంటే ఎడమ పలక కుడి పలక మీదికి రావాలి. ఎదుటివారికి మెడ దగ్గర ఇంగ్లిషు చిన్న వై అక్షరంలా కనిపించాలి. తిరగబడితే అది శవానికి తొడిగే పద్ధతి. కన్ఫ్యూషియస్ కూడా గ్వాన్ ఝోంగ్ అనే మంత్రిని మెచ్చుకుంటూ, ఆయనే లేకపోతే మనం జుట్టు విరబోసుకుని ఎడమకు మూసే బట్టలు కట్టేవాళ్లమని, అంటే అనాగరికులం అయ్యేవాళ్లమని అన్నాడు. సెల్ఫీలతో వచ్చే చిక్కు కూడా ఇదే. కొన్ని ఫోన్లలో ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది. సరిగ్గా కట్టుకున్నా ఫోటోలో శవవస్త్రంలా కనిపిస్తుంది. కుటుంబ గ్రూపులో పెట్టేముందు సరిచేసి పెట్టమనండి.

రంగులు. ఎరుపు శుభం, తెలుపు చావు అని చెప్పి వదిలేయడం సగం నిజం. తాంగ్ రాజవంశపు కాలంలో పెళ్లికూతురు ఆకుపచ్చ కట్టేది, ఎరుపు వరుడిది. ఇవాళ అదే సింగపూర్ వధువు ఉదయం క్వా, మధ్యాహ్నం తెల్ల గౌను వేసుకుంటుంది, ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే ఆ తెలుపు పాశ్చాత్య పెళ్లి తెలుపని అందరికీ తెలుసు. కానీ పెద్దవారి కళ్లకు అతిథి ఒంటి మీద తెలుపు, పూర్తి నలుపు ఇప్పటికీ ముతక జనపనార సంతాప వస్త్రాలనే గుర్తుచేస్తాయి. పాత పెరనకన్ (తరాల కిందట వలస వచ్చి మలయ్ పద్ధతులు కలుపుకున్న చైనీస్) కుటుంబాల్లో నీలం, ఆకుపచ్చ కూడా సంతాపం సడలే దశల రంగులు. మీ వియ్యంకులు కాంటనీస్‌వారు కాబట్టి ఆ పట్టింపు ఉండకపోవచ్చు, అయినా ఒకమాట అడిగితే పోయేదేమీ లేదు. మీకు కనకాంబరం రంగు, మామిడిపండు రంగు, గులాబీ, వంకాయ రంగు అన్నీ బాగుంటాయి. కంచి పట్టు అయినా, వెంకటగిరి అయినా జరీ ఎంత ఉంటే వాళ్లకు అంత ఇష్టం. మగవారికి తలపాగాలు కట్టిస్తుంటే ఆకుపచ్చ మాత్రం వద్దు. మగవాడి తల మీద ఆకుపచ్చ టోపీ అంటే భార్య అతన్ని మోసం చేస్తోందని వాళ్లలో మోటు ఎగతాళి. వరుడి తల మీద అది కనిపిస్తే నవ్వు ఆపుకోవడం వాళ్లకు కష్టమవుతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన పద్ధతిలో కూడా పెళ్లి చేస్తున్నారని రాశారు. మధుపర్కాలు తెల్లవి. ఎర్ర అంచు ఉన్నా వాటి ఒళ్లంతా తెలుపే. ఆ వేషంలో పీటల మీద కూర్చున్న మనవడిని, పెళ్లికూతురిని చూసి అవతలి అమ్మమ్మగారికి గుండె గుభేలుమనవచ్చు. గబ్బిలాలను చూసి మీ ఇంట్లో జరిగినదే వాళ్లింట్లోనూ జరుగుతుంది. మధుపర్కాల ఫోటో ముందుగానే పంపండి. మనకు అది పెళ్లిలో మాత్రమే కట్టే పవిత్ర వస్త్రమని, పసుపు, ఎర్ర అంచు అందులో శుభచిహ్నాలని రెండు వాక్యాల్లో రాయండి. అబ్బాయి చేత చైనీస్‌లో చెప్పిస్తే ఇంకా మంచిది.

రెండు జాగ్రత్తలతో ముగిస్తాను. ఒకటి, పాత కుట్టుపని ముక్కను కానుకగా కొనాలనుకుంటే 'నిషిద్ధ కుట్టు' అని చెప్పి ధర పెంచేవారు ఎదురవుతారు. చిన్న చిన్న ముడులతో చేసే ఆ కుట్టు వల్ల కళ్లు పోతున్నాయని చక్రవర్తి నిషేధించాడన్నది వ్యాపారుల కథ. అందమైన కుట్టే, దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఆ కథకు డబ్బు ఇవ్వకండి.

రెండు, క్వా ఒంటి మీద ఉండగా అక్షింతలు వేయనివ్వకండి. పసుపు మరక పట్టు మీద పడితే నాలాంటివాళ్ల చేతుల్లో కూడా పూర్తిగా పోదు, బంగారు దారం కింద నూలులోకి ఇంకితే ఇక చెప్పనక్కరలేదు. కుంకుమా అంతే. గాజుల కొనలు, వంకీల ముళ్లు ఆ పైపై దారాలను లాగేస్తాయి కాబట్టి అమ్మాయిని కౌగిలించుకునే పిన్ని, పెద్దమ్మలకు కూడా ముందే చెప్పండి. తేనీటి వేడుక పూర్తయి, క్వా విప్పి దుకాణం సంచిలో పెట్టేశాకే ఆశీర్వచనాలు మొదలుపెడితే డిపాజిట్ మొత్తం తిరిగి వస్తుంది.